పరాయి బిడ్డ చేతిలో అగ్గిపుల్ల

"దయచేసి దాని చేతిలోంచి తీసుకోకండి. పక్కన కూర్చుంటే చాలు."

మెల్లగానే అంది వాళ్లమ్మ. గొంతు కూడా పెంచలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను పని చేసేది అమెరికాలో సియాటిల్ దగ్గర ఒక ఇంట్లో. ఆ ఇంటావిడది డెన్మార్క్‌లోని ఆర్హుస్. ఆయన అమెరికనే, విస్కాన్సిన్‌లో పుట్టి పెరిగాడు. వాళ్లకి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నదానికి నాలుగు. స్కూలు నుంచి తీసుకొచ్చి, తల్లిదండ్రులు వచ్చేదాకా చూసుకోవడం నా పని. భర్త గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదమైతే, ఆయన వెంట వచ్చేవాళ్లకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న భార్య ఉద్యోగం చేసుకోవచ్చని 2015లో రూలు వచ్చింది కాబట్టి ఈ పనైనా చేయగలుగుతున్నాను. తెనాలిలో టీచరుగా చేసినదాన్ని, పిల్లలు నాకు కొత్త కాదు.

డిసెంబర్ 1 నుంచి ఆ ఇంట్లో క్రిస్మస్ కోసం ఒక పొడుగాటి కొవ్వొత్తి వెలిగిస్తారు. దాని మీద పైనుంచి కిందికి 1 నుంచి 24 దాకా అంకెలుంటాయి. ఏ రోజు అంకె ఆ రోజు కరిగేదాకా ఉంచి ఆర్పేయాలి. ఏమరుపాటుగా ఉంటే రేపటి అంకె కూడా కరిగిపోతుంది. అందుకని పిల్లలిద్దరూ గడ్డాలు బల్లకి ఆనించి దాన్నే చూస్తూ కూర్చుంటారు. వాళ్లమ్మ ఊళ్లో ఈ రోజుల్లో మూడున్నర దాటితే పొద్దు కుంకుతుందట. ఇక్కడ కూడా నాలుగున్నరకల్లా లైట్లు వేయాల్సిందే.

ఆ రోజు పెద్దది అగ్గిపెట్టె తీసి తనే పుల్ల గీసింది. మొదటిది విరిగింది. రెండోది భగ్గుమనగానే నేను లాక్కుని ఊదేశాను. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ లోపలికి వచ్చింది.

మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "ఏడేళ్ల పిల్లకి అగ్గిపెట్టె ఇస్తారుటే? నువ్వు చేసిందే మంచి పని" అంది. ఆ మాటకి ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ ఆ అమ్మే కదా భోగినాడు చీకటితో మమ్మల్ని లేపి, పిడకల దండ చేతికిచ్చి మంటలో వేసి రమ్మనేది! మనిషెత్తు మంట. ఆ దండ వేసేటప్పుడు ముఖానికి తగిలే సెగ నాకిప్పటికీ గుర్తుంది. ఎవరూ వెనక్కి లాగలేదు. లాగక్కర్లేదు కూడా. వీధి వీధంతా అక్కడే ఉండేది. పెదనాన్నో, పక్కింటి మామ్మో, ఎవరో ఒకరి చెయ్యి మన జబ్బ మీద ఉండేది. నిప్పు దగ్గరకి పిల్లల్ని పోనివ్వని జాతి కాదు మనది.

మరి నాకెందుకు అంత కంగారు? ఆలోచించగా ఆలోచించగా అర్థమైంది. ఆవిడ తల్లి, నేను జీతానికి వచ్చినదాన్ని. ఆ పిల్ల వేలు కాలితే ఆవిడకది ఒక చిన్న బొబ్బ. నాకైతే పోలీసులకి ఏం చెప్పాలి, వీసాకేమవుతుంది, మా ఆయన ఉద్యోగానికేమైనా ముప్పా అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారే మీద పడతాయి. ధైర్యం చెయ్యడానికి ఎదుటివాళ్ల బిడ్డ దగ్గర మనకి హక్కు ఉండదు.

ఒకరోజు ధైర్యం తెచ్చుకుని ఈ మాట ఆవిడతోనే అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 1997లో జరిగిన సంగతి చెప్పింది. న్యూయార్క్‌లో ఒక డేనిష్ తల్లి 14 నెలల పాపని స్ట్రోలర్‌లో రెస్టారెంటు బయట ఉంచి తను లోపల కూర్చుందట. వాళ్ల దేశంలో అది మామూలే, చలికాలంలో కూడా పసిపిల్లల్ని బయటే నిద్రపుచ్చుతారు. ఇక్కడ పోలీసులు ఆవిడని అరెస్టు చేసి, పాపని నాలుగు రోజులు వేరేవాళ్ల సంరక్షణలో ఉంచారు. "ఇక్కడికొచ్చిన కొత్తలో నాకూ ఆ భయమే" అంది. నాకు వెంటనే 2011లో నార్వేలో మన భారతీయ దంపతుల పిల్లల్ని శిశుసంక్షేమ అధికారులు తీసుకెళ్లడం గుర్తొచ్చింది. చేత్తో అన్నం తినిపించడం కూడా తమ మీద మోపిన తప్పుల్లో ఒకటని ఆ తల్లిదండ్రులు చెప్పారు. ఇద్దరు తల్లులూ చేసింది వాళ్ల వాళ్ల ఊళ్లలో అందరూ చేసే పనే.

"ఏదైనా అయితే అది నా బాధ్యత. అగ్గిపెట్టె నేనిచ్చాను, ఈ మాట మీకు ముందే చెప్పాల్సింది" అంది. ఒక యజమాని నాతో అలా అనడం అదే మొదటిసారి. ఇంత పెద్ద మాట అంత తేలిగ్గా అనగలిగినందుకు ఆవిడంటే గౌరవం పెరిగింది.

ఆ ఇంట్లో నిప్పుకి భయపడేది నేనొక్కదాన్నే కాదని కూడా తర్వాత తెలిసింది. 24 సాయంత్రం వాళ్లు క్రిస్మస్ చెట్టుకి నిజం కొవ్వొత్తులు వెలిగించి, చేతులు పట్టుకుని చుట్టూ తిరుగుతూ పాడతారు. కానుకలు కూడా అప్పుడే విప్పుతారు. మర్నాడు పొద్దున ఆయన వైపు పద్ధతిలో మేజోళ్లలో శాంటా వేసినవి ఉంటాయి. కొవ్వొత్తుల విషయంలో ఏటా ఇద్దరికీ వాదనేనట. చివరికి చెట్టు పక్కన నీళ్ల బకెట్ పెట్టేలా ఒప్పందం చేసుకున్నారు. బకెట్ పెట్టేది ఆయనే.

ఆవిడ ఓర్పు మాత్రం నేర్చుకోవాల్సిందే. ఎర్ర కాగితం, తెల్ల కాగితం మడిచి, చీలికలు చేసి, ఒకదాంట్లోంచి ఒకటి దూర్చి హృదయం ఆకారంలో చిన్న బుట్టలు అల్లుతారు వాళ్లు. వాటిల్లో ఇప్పటికి మిగిలిన అతి పాతది వాళ్ల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860 ప్రాంతంలో చేసిందంటారు. చిన్నదానికి నాలుగో చీలిక దగ్గర కాగితం చిరిగింది. ఇంకోటి తీసుకుంది, అదీ చిరిగింది. నా చేతులు ఊరుకోవడం లేదు. వాళ్లమ్మ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. చివరికి వంకరగా ఒకటి తయారైంది. దాన్ని చెట్టుకి అందరికీ కనపడేలా కట్టారు. మా స్కూల్లో ప్రాజెక్టు వర్కులన్నీ తల్లులే చేసి పంపేవాళ్లు, మేమూ వాటికే మార్కులు వేసేవాళ్లం.

తిండి దగ్గర మాత్రం నేను వాళ్ల పద్ధతికి ఒప్పుకోను. పాలల్లో అన్నం మెత్తగా ఉడికించి, మధ్యలో వెన్న వేసి, పైన దాల్చినచెక్క పొడీ పంచదారా చల్లి పెడతారు. వాసనకే నాకు ధనుర్మాసం గుర్తొస్తుంది. చిన్నది రెండు చెంచాలు తిని ఆగిపోతుంది. తనే తినాలి, లేకపోతే వదిలేయాలి అంటారు. నాలుగేళ్ల పిల్ల నిద్ర కళ్లతో గిన్నె ముందు కూర్చుంటే ఒక ముద్ద నోట్లో పెట్టడం దాని చేతకానితనాన్ని పెంచడం కాదు. మనందరం అలా తిని పెరిగినవాళ్లమే, మన చేతులు మనం కడుక్కుంటున్నాం, దేశాలు దాటి వచ్చి బతుకుతున్నాం. ఆవిడతో ఇది కూడా చెప్పాను. నవ్వి, "అది అడిగితే పెట్టండి" అంది.

అది రోజూ అడుగుతోంది. నేను పెడుతున్నాను.