యూఏఏ రేస్ షీట్: ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో యూఏఏ అనే కాన్ఫరెన్స్ ఉంది (కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీ జట్ల లీగ్), దాని టైటిల్ రేస్‌ని నేనొక గూగుల్ షీట్‌లో లెక్కేస్తుంటా. ఈ పోస్టులో స్కోర్లు పెట్టట్లేదు, అవి ఏ కాలేజీ అథ్లెటిక్స్ పేజీకి వెళ్లినా దొరుకుతాయి. నా షీట్ ఎంతవరకు వచ్చింది, సీజన్ చివర్లో దాన్ని ఎలా వాడుతున్నా, మా వాట్సాప్ గ్రూపులో ఏం గొడవ నడుస్తోంది, అంతే. ఎవరైనా సొంతంగా చేసుకోవాలనుకుంటే పనికొచ్చే వివరాలు మధ్యమధ్యలో ఉంటాయి.

కొత్తవాళ్లకి ముందుగా రెండు ముక్కలు. యూఏఏ అంటే యూనివర్సిటీ అథ్లెటిక్ అసోసియేషన్, 1986లో మొదలైంది. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) డివిజన్ 3లో ఆడతారు, అంటే ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు, పిల్లలు చదువుకుంటూనే ఆడాలి. ఎనిమిది జట్లు: కేస్ వెస్టర్న్, కార్నెగీ మెలన్, ఎన్‌వైయూ, బ్రాండైస్, ఎమొరీ, రాచెస్టర్, షికాగో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ (అందరూ వాష్‌యూ అంటారు). పేర్లు చూడండి, మనవాళ్లు ఎమ్మెస్‌కి అప్లై చేసే లిస్టులో ఇవి చాలానే ఉంటాయి, కానీ రెండేళ్లు అక్కడే చదివి వచ్చినవాళ్లలో కూడా ఆ కాలేజీకి బాస్కెట్‌బాల్ జట్టు ఉందని తెలిసినవాళ్లు తక్కువ. యూనివర్సిటీలు పెద్దవే, బాస్కెట్‌బాల్ మాత్రం చిన్న కాలేజీల స్థాయి, జనం కూడా అంతే, ఆటగాడి షూ కీచుమనడం గ్యాలరీలోకి వినిపిస్తుంది. నేను క్లీవ్‌లాండ్‌లో కేస్‌లో చదివేటప్పుడు హార్స్‌బర్గ్ జిమ్‌కి చలి నుంచి తప్పించుకోడానికి వెళ్లడం మొదలుపెట్టా. హైదరాబాద్ వచ్చేశాక కూడా వదల్లేదు.

ఈ కాన్ఫరెన్స్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, ఇక్కడ చివర్లో కాన్ఫరెన్స్ టోర్నమెంట్ ఉండదు. మిగతా చోట్ల రెగ్యులర్ సీజన్‌లో ఐదో స్థానంలో ఉన్న జట్టు కూడా చివరి వారం వరసగా మూడు గెలిస్తే నేషనల్ టోర్నమెంట్‌కి వెళ్లిపోవచ్చు. యూఏఏలో అలా కుదరదు. పద్నాలుగు మ్యాచ్‌లు, ప్రతి జట్టుతో రెండేసి, సొంత కోర్టులో ఒకటి, బయట ఒకటి. పైన నిలిచినవాళ్లకే ఆటోమేటిక్ బెర్త్, అంటే నేషనల్ టోర్నమెంట్‌లో నేరుగా సీటు. కాబట్టి జనవరిలో పడిన ఒక్క చెత్త ఓటమి ఫిబ్రవరి చివరి వరకూ మెడకి వేలాడుతూనే ఉంటుంది.

షెడ్యూల్ అర్థమైతే సగం పని అయిపోయినట్టే. జట్లని జంటలుగా పెట్టారు, ట్రావెల్ పార్ట్‌నర్స్ అంటారు: కేస్-కార్నెగీ, ఎన్‌వైయూ-బ్రాండైస్, షికాగో-వాష్‌యూ, ఎమొరీ-రాచెస్టర్. జనవరి మొదట్లో ఎవరి పార్ట్‌నర్‌తో వాళ్లకి ఒక మ్యాచ్, తర్వాత ఆరు వీకెండ్లు శుక్రవారం ఒక జట్టుతో, ఆదివారం దాని జంటతో, చివరి శనివారం మళ్లీ అదే పార్ట్‌నర్‌తో. మొదటి మూడు జంటలు సరే, కేస్ ఉన్న క్లీవ్‌లాండ్ నుంచి కార్నెగీ ఉన్న పిట్స్‌బర్గ్ బస్సులో పోయే దూరం. ఎమొరీ ఉండేది అట్లాంటాలో, రాచెస్టర్ న్యూయార్క్ రాష్ట్రంలో పైన ఎక్కడో మంచులో, మధ్యలో దాదాపు 1200 కిలోమీటర్లు. ఆ జంటని కలవడానికి వెళ్లే జట్టు శుక్రవారం రాత్రి అట్లాంటాలో ఆడి ఆదివారం మధ్యాహ్నానికి రాచెస్టర్‌లో దిగాలి. వెళ్లినవాళ్లు ఆ వీకెండ్ రెండూ గెలిస్తే నేను షీట్‌లో ఆ గడికి పసుపు రంగు వేస్తా. లెక్కకి దాంతో సంబంధం లేదు, గౌరవం కొద్దీ.

ఇక షీట్. గూగుల్ షీట్సే, యాప్‌లేవీ లేవు. మొదటి ట్యాబ్‌లో ఎనిమిది అడ్డవరసలు, ఎనిమిది నిలువు వరసలు. అడ్డంగా సొంత కోర్టు జట్టు, నిలువుగా వచ్చిన జట్టు. సొంత జట్టు గెలిస్తే 1, ఓడితే 0, ఇంకా ఆడకపోతే ఖాళీ. మూల నుంచి మూలకి పోయే గీత మీది ఎనిమిది గడులు (జట్టు తనతో తానే ఆడదు కదా) పోగా 56 మ్యాచ్‌లు, సీజన్ మొత్తం ఒక్క స్క్రీన్‌లో. గెలుపులు, ఓటములు ఇందులోంచే వస్తాయి, చేత్తో ఎక్కడా రాయను. ఒక తనిఖీ గడి తప్పనిసరిగా పెట్టుకోండి: అందరి గెలుపుల మొత్తం, ఓటముల మొత్తం సమానంగా ఉండాలి, ఒక్కో రౌండ్‌కి నాలుగు పెరగాలి. పెరగలేదంటే ఎవరో నిద్రమత్తులో నింపారన్నమాట.

ఫిబ్రవరి మొదటి వారం దాకా ఈ ట్యాబ్ ఒక్కటే చాలు. అప్పటికి జనం పాయింట్ల పట్టిక చూసి గొడవపడటం మొదలుపెడతారు, మా గ్రూపులో కూడా అదే. అట్లాంటాలో ఉండే మా బావ ఎమొరీ పిచ్చోడు. "మేం టాప్‌లో ఉన్నాం చూస్కోరా" అని పొద్దున్నే స్క్రీన్‌షాట్ పెడతాడు. బావా, టాప్‌లో ఉండటం కాదు, నీకు మిగిలినవాటిలో ఎన్ని బయట ఉన్నాయో చూడు అని నేను. నా వాదన ఎప్పుడూ ఒకటే: ఫిబ్రవరిలో పట్టికలో గెలుపుల వరస చూడకూడదు, ఓటముల వరస చూడాలి, దాని పక్కనే మిగిలిన బయటి మ్యాచ్‌లు చూడాలి. గెలుపులు ఇంకా రావచ్చు, పడిన ఓటమి మాత్రం తిరిగి రాదు. సొంత కోర్టు మ్యాచ్‌లన్నీ ముందే ఆడేసి పైకెక్కిన జట్టుకి, మిగిలినవన్నీ ఇంట్లోనే ఆడబోయే మూడో స్థానం జట్టుకి మధ్య తేడా ఆ పట్టిక చెప్పదు.

టైటిల్ ఖాయం కావడానికి ఇంకెన్ని కావాలో తెలుసుకునే చిన్న లెక్క: 15లోంచి పై జట్టు గెలుపులు తీసేయాలి, వెనక జట్టు ఓటములు తీసేయాలి. పేర్లు పెడితే బావ మళ్లీ మొదలుపెడతాడు కాబట్టి క, గ అనుకుందాం. క గెలుపులు 10, గ ఓటములు 3 అయితే మిగిలేది 2. క రెండు గెలిచినా, గ రెండు ఓడినా, చెరొకటి జరిగినా అయిపోయినట్టే. ముఖాముఖి రెండు మ్యాచ్‌లూ క గెలిచి ఉంటే 15 బదులు 14 నుంచి లెక్క మొదలుపెట్టొచ్చు, ఎందుకంటే సమానమైనా బెర్త్ వాళ్లదే. ఐపీఎల్ అలవాటున్నవాళ్లు నెట్ రన్‌రేట్ లాంటిది ఉందా అని అడుగుతారు. అలాంటిదేం పెట్టుకోకండి, ముప్పై పాయింట్లతో గెలిచినా, ఆఖరి సెకన్లో బుట్టలో పడినా ఒక గెలుపే.

అసలు తలనొప్పి మూడు జట్లు సమానమైతే. సమానమైనవాళ్లంతా కో-ఛాంపియన్లే, ట్రోఫీ ఫొటోలు అందరూ దిగుతారు, కానీ ఆటోమేటిక్ బెర్త్ ఒకటే. ముందు ఆ ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌లు మాత్రమే తీసి చిన్న పట్టిక కట్టాలి, ఒక్కొక్కరికి నాలుగేసి వస్తాయి. ఒకరు 3-1, ఒకరు 2-2, ఒకరు 1-3 అయితే తేలిపోయింది. ముగ్గురూ 2-2 అయితే (ఇది మీరనుకునేదానికంటే ఎక్కువసార్లే జరుగుతుంది) చాలా కాన్ఫరెన్స్‌ల పద్ధతి తర్వాతి స్థానం జట్టు మీద ఎవరెలా ఆడారో చూడటం, అక్కడా తేలకపోతే ఇంకో మెట్టు దిగడం. నేనూ షీట్‌లో అదే పెట్టా. సమానమైన జట్ల పక్కన 1, మిగతావాళ్ల పక్కన 0 పెట్టి, ఆ వరసతో పెద్ద పట్టికని గుణిస్తే చిన్న పట్టిక దానంతటదే వస్తుంది, సమ్‌ప్రొడక్ట్ ఫంక్షన్ సరిపోతుంది.

రెండో ట్యాబ్ ఈ నెలలోనే పూర్తయింది, నాకు ఎక్కువ నచ్చింది కూడా ఇదే. చివరి వీకెండ్ ముందు మూడు రౌండ్లు మిగులుతాయి: శుక్రవారం నాలుగు, ఆదివారం నాలుగు, ఆఖరి శనివారం నాలుగు, మొత్తం పన్నెండు మ్యాచ్‌లు. ఒక్కోదానికి రెండే ఫలితాలు, కాబట్టి మొత్తం 4096 రకాలుగా సీజన్ ముగియొచ్చు. 4096 వరసలు షీట్‌కి పెద్ద లెక్క కాదు, లాప్‌టాప్ హాయిగా మోస్తుంది, ఫోన్‌లో మాత్రం తెరవకండి. ఇంకో వీకెండ్ ముందే మొదలుపెడదామంటే మ్యాచ్‌లు ఇరవై అవుతాయి, వరసలు పది లక్షలు దాటిపోతాయి, అది షీట్స్‌తో అయ్యే పని కాదు, పైథాన్ లాంటిదేదో కావాలి. అంత ముందుగా తెలిసి చేసేదీ లేదులే.

సున్నా నుంచి 4095 దాకా నంబర్లు ఒక నిలువు వరసలో దించి, పక్క పన్నెండు వరసల్లో ఆ నంబర్‌ని బైనరీగా విడగొట్టాలి. చాలామంది డెక్‌టుబిన్ ఫంక్షన్ వాడబోతారు, అది 511 దాటితే ఎర్రర్ ఇస్తుంది. బేస్ ఫంక్షన్ వాడండి, లేదా 2 యొక్క ఘాతాలతో (1, 2, 4, 8...) భాగించి ఇంట్, మాడ్ కలిపి కొట్టండి, నేను రెండోదే వాడా. తర్వాత ఎనిమిది జట్లకి ఎనిమిది వరసలు: ఇప్పటిదాకా ఉన్న గెలుపులకి ఈ వరసలో వచ్చినవి కలిపితే తుది లెక్క. ఎన్ని వరసల్లో క ఒంటరిగా పైన ఉంది, ఎన్నింటిలో సమానమైనా పైన చెప్పిన పద్ధతిలో బెర్త్ గెలిచింది, అన్నీ లెక్కపెట్టేయొచ్చు.

అన్ని ఫలితాలకీ సమాన అవకాశం ఇస్తే అది పిల్లల ఆటే, కాబట్టి ఒక్కో మ్యాచ్‌కి శాతం పెట్టాలి. బేస్‌బాల్ లెక్కల మనిషి బిల్ జేమ్స్ పెట్టిన లాగ్5 సూత్రం వాడుతున్నా. ఇద్దరి గెలుపు శాతాల లబ్ధాన్ని మొదటివాడి శాతంలోంచి తీసేసి, దాన్ని ఇద్దరి శాతాల మొత్తంలోంచి అదే లబ్ధాన్ని రెండింతలు తీసేయగా వచ్చినదానితో భాగించాలి. 0.8 జట్టు, 0.6 జట్టు తలపడితే 0.32ని 0.44తో భాగించినట్టు, దాదాపు 73 శాతం. సొంత కోర్టుకి నేను ఇంకో ఐదు శాతం కలుపుతా, ఇది పూర్తిగా నా అంచనా. సెయింట్ లూయిస్‌లో ఉండే మా సీనియర్ అన్న దీనికి ఒప్పుకోడు, "ఆదివారం రెండో మ్యాచ్‌కి వచ్చే టీమ్‌కి కాళ్లు ఆడవు, కనీసం పది కలుపు" అంటాడు. ఆయన మాటలో న్యాయం ఉంది కానీ ఆయన వాష్‌యూ అభిమాని, వాళ్లకి ఆదివారం ఇంట్లో మ్యాచ్ ఉన్నప్పుడే ఈ సిద్ధాంతం గుర్తొస్తుంది.

మహిళల జట్లకీ ఇదే షీట్ నడుస్తుంది, ట్యాబ్ కాపీ చేస్తే చాలు. అయితే ఎన్‌వైయూ అమ్మాయిలు 2023-24లోనూ, 2024-25లోనూ 31-0తో నేషనల్ ఛాంపియన్లు అయ్యారు, యూఏఏలో ఎవరి చేతిలోనూ ఓడలేదు. అలాంటప్పుడు పైన రేస్ ఏముంటుంది? చూడాల్సింది రెండో స్థానం. అక్కడే ఎక్కువ టెన్షన్, మగవాళ్ల వైపు కూడా.

ఎందుకంటే నేషనల్ టోర్నమెంట్‌లో 64 జట్లు, అందులో నలభైకి పైగా కాన్ఫరెన్స్ విజేతలకే పోతాయి. మిగిలిన ఇరవై చిల్లర సీట్లకి, పూల్ సీ అంటారు, దేశం మొత్తం పోటీ. 2024-25 నుంచి ఆ సీట్లకి ఎన్‌పీఐ (ఎన్‌సీఏఏ పవర్ ఇండెక్స్) అనే రేటింగ్ వాడుతున్నారు. ఎవరి మీద ఆడారు అన్నదానికి విలువ, పాయింట్ల తేడాకి విలువ లేదు. బలహీన జట్టు మీద గెలిస్తే రేటింగ్ తగ్గేటట్టుంటే, కనీస గెలుపుల సంఖ్య దాటాక ఆ గెలుపుని లెక్కలోంచి తీసేస్తారు, ఓటమిని మాత్రం తీయరు. యూఏఏలో అందరూ గట్టివాళ్లే కాబట్టి ఇక్కడ రెండు, మూడు స్థానాల్లో నిలిచినవాళ్లకి కూడా ఆశ ఉంటుంది. 2025లో పురుషుల ఫైనల్‌దాకా వెళ్లి ట్రినిటీ చేతిలో ఓడింది కూడా ఈ కాన్ఫరెన్స్ జట్టే, ఎన్‌వైయూ. మూడో ట్యాబ్ ఈ పూల్ సీ కోసమే, ఇంకా సగంలో ఉంది. ఎన్‌పీఐ లెక్క ప్రతి జట్టుదీ ఎదుటి జట్టు రేటింగ్ మీద ఆధారపడి మళ్లీ మళ్లీ తిరుగుతుంది, డివిజన్ 3 మొత్తం ఫలితాలు కావాలి, అది నా షీట్‌తో అవ్వదు. కాబట్టి ప్రకటించిన రేటింగ్ తీసుకుని మన ఎనిమిది జట్లు సీటు దక్కే గీతకి ఎంత దూరంలో ఉన్నాయో చూడటం వరకే చేస్తున్నా.

ఇక్కణ్నుంచి చూసేవాళ్లకి టైములు. అక్కడ ఈస్ట్‌లో శుక్రవారం సాయంత్రం ఏడున్నర అంటే మనకి శనివారం పొద్దున్న ఆరు, షికాగో, సెయింట్ లూయిస్ అయితే ఏడు. టీ తాగుతూ చూసే టైమే. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు మ్యాచ్ మనకి రాత్రి పదిన్నర, దాని తర్వాత రెండోది కూడా చూస్తే సోమవారం ఆఫీసు సంగతి మీ ఇష్టం. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకి తిప్పుతారు, అప్పట్నుంచి అదే ఏడున్నర మనకి ఐదు. లైవ్ లింకు సొంత కోర్టు కాలేజీ పేజీలోనే వెతకండి. కెమెరా కొన్ని చోట్ల ఒక్కటే ఉంటుంది, స్కోర్‌బోర్డు కనపడకపోతే పక్క ట్యాబ్‌లో లైవ్ స్టాట్స్ పెట్టుకోవాలి.

ఇప్పుడు మిగిలింది ఆఖరి శనివారం. నాలుగే మ్యాచ్‌లు, పదహారు రకాలు, ఒక పేజీలో ప్రింట్ తీసి గ్రూపులో పెట్టేశా. ఇంకో సంగతి, యూఏఏ జట్లకి ఆ రోజుతో సీజన్ అయిపోతుంది కానీ వేరే కాన్ఫరెన్స్‌ల టోర్నమెంట్ ఫైనళ్లు ఆదివారం దాకా నడుస్తాయి. అక్కడ ఎవరైనా అనుకోని జట్టు గెలిస్తే, ఓడిన గట్టి జట్టు పూల్ సీలోకి వచ్చి పడుతుంది, మిగతావాళ్లకి ఒక సీటు తగ్గిపోతుంది. మన రెండో స్థానంవాళ్లు సోమవారం సెలక్షన్ దాకా ఇంట్లో కూర్చుని పక్కవాళ్ల మ్యాచ్‌లు చూడాల్సిందే. శనివారానికి పని పంచుకున్నాం: ఎమొరీ-రాచెస్టర్ బావ, షికాగో-వాష్‌యూ సీనియర్ అన్న, ఎన్‌వైయూ-బ్రాండైస్ నా పాత రూమ్మేట్, కేస్-కార్నెగీ నేను. ఎవరి గడి వాళ్లే నింపాలి, ఫైనల్ హారన్ మోగాకే నింపాలి. బావకి ఈ రెండో షరతు విడిగా మెసేజ్ పెట్టా.