మీ ఇంట్లో తాటిచెట్టు ఉందా? గీత ఎక్స్‌గ్రేషియా కోసం తిరిగిన నా అనుభవం

చెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడికి ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా డబ్బులు పోయిన వారం నాయిన ఖాతాలో పడ్డాయి. అప్పటి నుంచి మా కల్లుగీత సొసైటీ వాళ్లే కాదు, పక్క ఊళ్ల గౌండ్లోళ్లు కూడా ఫోన్ చేసి "ఎట్ల తెచ్చినవు బిడ్డా, ఏమేం కాగితాలు పెట్టినవు" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేదు, కోపం కూడా ఇంకా తగ్గలేదు. అందుకే ఒకేచోట రాసి పెడుతున్నాను.

మాది నల్గొండ జిల్లాలో కాలువ నీళ్లు రాని ఊరు. బోర్లు వేసి వేసి అప్పులపాలైనవాళ్లే ఎక్కువ. అలాంటి నేలలో ఎవరూ నీళ్లు పెట్టకపోయినా బతికేది తాటిచెట్టు. పొలం గట్ల మీద, చెరువు కట్ట వెనక, వాగు ఒడ్డున దానంతట అదే లేస్తుంది. గీతకు రావడానికి మాత్రం పది పదిహేనేళ్లు తీసుకుంటుంది. మాకు ఎకరం పొలం లేదు. నాయిన గీసిన చెట్లతోనే అక్క పెళ్లయింది, నా బీకాం అయింది, తమ్ముడి ఐటీఐ నడుస్తోంది. మా ఇల్లొక్కటే కాదు. గట్టు మీద చెట్లున్న రైతుకు ఏటా ఇంతని ముడుతుంది. కల్లు పట్టే లొట్లు చేసే కుమ్మరాయనకు, చెట్టెక్కడానికి కట్టుకునే మోకు, ముస్తాదు చేసే ఆయనకు పని ఉంటుంది. కల్లు అమ్మే మండువ దగ్గర గుడాలు, బోటికూర అమ్మే ఆడవాళ్లకు సాయంత్రానికి చేతిలో నాలుగు డబ్బులు పడతాయి. టౌన్‌కు కల్లు వేసుకుపోయే ఆటోవాళ్లు సరేసరి. పంటలు లేని ఎండాకాలంలో ఊళ్లో ఆడే రొక్కం చాలావరకు ఈ చెట్ల మీది నుంచి దిగిందే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆఫీసులో ఒకాయన "ఊళ్లో కల్లు బంద్ చేస్తే ఈ గోలే ఉండదు కదమ్మా" అన్నాడు. ఆయన సంగతికి వస్తాను.

నాయిన పడింది పోయిన ఎండాకాలం చివర్లో, సాయంత్రం గీత వేళకు. ముందు రోజు వాన పడి చెట్టు తడిగా ఉంది. దిగేటప్పుడు మోకు జారింది. కాళ్ల మీద నేలకు తగిలి వెనక్కి పడిపోయాడు. పక్క చెట్టు మీదున్న చిన్నాయన దిగి వచ్చేసరికి స్పృహలోనే ఉండి, "లొట్టి పగిలిందారా" అని అడిగాడట. తలుపు చెక్క మీద పడుకోబెట్టి ట్రాలీ ఆటోలో టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. నడుము దగ్గర వెన్నుపూస నలిగింది, ఎడమ మడమ ఎముక పగిలింది. ఆపరేషన్ అయింది. ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ లేదు, డబ్బంతా వడ్డీకి తెచ్చాం. కాళ్లలో మునుపటి బలం ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు.

తాటిచెట్టును పొద్దున, సాయంత్రం ఎక్కి గెల కొసను పల్చగా చెక్కుతూ ఉండాలి. ఆపేస్తే కోత ఎండిపోయి కల్లు పారదు. ఆ కాలానికి ఆ చెట్టు పోయినట్టే. మనిషి మంచాన పడితే చెట్లు కూడా పడిపోతాయన్నమాట. మా సొసైటీ వాళ్లు వంతులు వేసుకుని నాయిన చెట్లు గీసి, ఆ డబ్బు తెచ్చి అమ్మ చేతికిచ్చారు. ఎవరూ అడగలేదు, ఏ జీవోలోనూ లేదు. సూర్యాపేట బొమ్మగాని ధర్మభిక్షం గారు గీత కార్మికులకు సంఘం కట్టారని, నల్గొండకు రెండుసార్లు ఎంపీగా చేశారని మా తాత ఎప్పుడూ చెప్పేవాడు. సంఘం అంటే ఏమిటో నాకు ఈ వంతులతో అర్థమైంది.

మొదటి కాగితాలు సులువే. ఎక్సైజ్ ఎస్సై మరుసటి రోజే వచ్చి, చెట్టు చూసి, చిన్నాయన వాళ్ల సంతకాలతో పంచనామా రాశారు. మర్యాదగా మాట్లాడారు. పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చాం. సొసైటీ అధ్యక్షుడు సభ్యత్వ కాగితం ఇచ్చారు. ఇక్కడ ఒక మాట. టీసీఎస్ అంటే సొసైటీ పేరు మీద ఉండే లైసెన్సు, టీఎఫ్‌టీ అంటే గీసేవాడి పేరు మీదే ఉండే లైసెన్సు. రెండింట్లో మీ ఇంటాయనది ఏదో ఈ రాత్రే అడిగి తెలుసుకోండి. చాలామంది ఆడవాళ్లకు తెలియదు. అవసరం పడ్డ రోజు చెప్పే స్థితిలో ఆయన ఉండడు.

ఇక నన్ను తిప్పలు పెట్టిన చోటు.

ఫైలు పైఆఫీసుకు పోయాక రమ్మని కబురొచ్చింది. ఏ ఆఫీసో రాయను. వెళ్లి నిలబడ్డాను. ఫైలు చూసే ఆయన ముందు నన్ను కింది నుంచి పైకి చూసి, "ఇంట్లో మగవాళ్లు లేరా" అన్నాడు. ఉన్నారు సార్, ఆయనే పడ్డాడు అన్నాను. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం తీసి, ఒక లైను మీద వేలు పెట్టి, గది మొత్తానికి వినబడేట్టు ఇంగ్లీషులో చదివాడు. "సెల్ఫ్ ఫాల్ ఎట్ హోమ్." అంటే ఇంట్లో తనంతట తానే పడ్డాడని. తర్వాత కళ్లజోడు పైకెత్తి, "మీ ఇంట్లో తాటిచెట్టు ఉందా అమ్మా?" అన్నాడు.

పక్క టేబుళ్లవాళ్లు నవ్వారు. జిరాక్సు కాగితాలతో వరుసలో నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. వాళ్లూ మాలాంటి పనుల మీద వచ్చినవాళ్లే.

అంతటితో వదల్లేదు. "తాగి ఎక్కినాడా?" అన్నాడు. నాయినకు పండగ పూట తప్ప తాగే అలవాటు లేదు, పొద్దూమాపూ చెట్టెక్కేవాడికి తాగుడు కుదరదు అని చెప్పాను. "కిట్టు ఎందుకు కట్టుకోలేదు? ప్రభుత్వం ఇస్తోంది కదా." ఇస్తోంది, నిజమే. 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇచ్చే ‘కాటమయ్య రక్షణ కవచం’ పథకాన్ని ముఖ్యమంత్రి మొదలుపెట్టారు. మా సొసైటీలో కొందరికి వచ్చాయి, నాయిన వంతు రాలేదు. "మీ కల్లులో ఏం కలుపుతారు?" ఇదీ అడిగాడు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయిన వార్తలు అప్పటికి అందరి నోళ్లలో నానుతున్నాయి. మత్తు కోసం అల్ప్రాజోలం కలిపేవాళ్లను జైల్లో పెట్టాల్సిందే, నేనేం వెనకేసుకు రావట్లేదు. కానీ ఆ మందు చెట్టు మీద కాయదు. చెట్లు లేనిచోట డ్రమ్ముల్లో కల్లు తయారుచేసేవాళ్ల పాపం, చెట్టెక్కి నడుము విరగ్గొట్టుకున్నవాడి ఫైలులోకి ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కల్లు బంద్ చేయాలన్న సలహా కూడా అప్పుడే ఇచ్చాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చాక ఆకలేసింది. ఇడ్లీ తిని ఆసుపత్రికి పోయాను.

ఆసుపత్రిలో రికార్డుల దగ్గర కూర్చునే అబ్బాయి "ఒకసారి రాసింది దిద్దడం కుదరదు మేడమ్" అన్నాడు. అసలు అలా ఎందుకు రాశారు అంటే "మీవాళ్లే చెప్పి ఉంటారు" అన్నాడు. ఆ రాత్రి కౌంటరు దగ్గర చిన్నాయన చెట్టు మీంచి పడ్డాడనే చెప్పాడు, పక్కనే నేనున్నాను. తర్వాత అక్కడే పనిచేసే ఒకామె చెవిలో చెప్పింది. చెట్టు మీంచి పడ్డాడని రాస్తే అది ఎంఎల్‌సీ అవుతుందట, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు. ఆ రాతకోతలు, రేపు కోర్టు పిలుపులు ఎందుకని కొన్నిచోట్ల ‘ఇంట్లో పడ్డాడు’ అని రాసి పడేస్తారట. వాళ్లకు ఒక లైను మిగిలింది. మాకు ఆ లైను 5 లక్షల రూపాయల ప్రశ్న అయింది. గీత కార్మికుడు చెట్టు మీంచి పడి చనిపోయినా, శాశ్వతంగా పనికి దూరమైనా ఇచ్చే సాయం అంత మరి.

బిల్లింగ్ వాళ్ల దగ్గరికి పొమ్మన్నారు, వాళ్లు మేనేజర్ దగ్గరికి పొమ్మన్నారు, మేనేజరేమో పేషెంటును తీసుకొస్తే చూద్దామన్నాడు. నడుములో రాడ్లున్న మనిషిని ఆటోలో గుంతల రోడ్డు మీద తీసుకుపోయాం. ఆయన నాయినను చూడనే లేదు, కారెక్కి వెళ్లిపోయాడు. వరండాలో స్ట్రెచర్ మీద పడుకుని నాయిన "పోనీ బిడ్డా, ఆ డబ్బులు మనకు రాసిపెట్టి లేవు" అన్నాడు. నాకు అందరి కంటే ఆ మాట మీదే ఎక్కువ కోపమొచ్చింది.

ఆ వరండాలోనే ఎముకల డాక్టరు ఎదురయ్యారు. ఆపరేషన్‌లో ఉన్న ఇద్దరు డాక్టర్లలో వయసులో చిన్నవారు, ముప్పై కూడా ఉండవు. విషయం విని ఎక్స్‌రేలు అడిగారు. వాటిని కిటికీకి ఆనించి నాకు చూపించారు. ఇంట్లో కాలుజారి పడితే సాధారణంగా తుంటి దగ్గరో మణికట్టు దగ్గరో విరుగుతుందట. మడమ పగిలి, దాంతోపాటు నడుము పూస నలిగిందంటే మనిషి ఎత్తు నుంచి కాళ్ల మీద పడ్డాడనే అర్థమట. పాదాల్లో మొదలైన దెబ్బ నిలువునా వెన్నులోకి పోతుందట. రొమ్ము మీద, ముంజేతుల లోపల మోకు ఒరుసుకున్న గాయాలు చేరిన రోజు నర్సులు రాసుకున్న కాగితాల్లో ఉన్నాయని కూడా ఆయనే వెతికి తీశారు. లెటర్‌హెడ్ మీద ఇదంతా రాసి, సంతకం చేసి, రిజిస్ట్రేషన్ నంబరుతో ముద్ర వేసిచ్చారు. రూపాయి అడగలేదు. ఆయన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మళ్లీ ఆఫీసు. అదే ఆయన. "ఇది రికార్డు కాదు, ఉత్తరం. చెల్లదు" అని తోసేశాడు. ఈసారి నేను కూర్చునే మాట్లాడాను. "చెల్లదని ఈ కాగితం మీదే రాసి, సంతకం పెట్టి, తారీఖు వేయండి సార్. ఏ నిబంధన కిందో కూడా రాయండి. పంచనామా చెట్టు కింద రాశారు, పోలీస్ స్టేషన్ కాగితంలో చెట్టు ఉంది, డాక్టరు చెట్టే అంటున్నాడు. ఒక్క లైను తప్పు, మూడు కాగితాలు ఒప్పు. మీరు రాసివ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుతాను" అన్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు కానీ, గదిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. వరుసలో ఉన్న ఒక ముసలాయన మాత్రం "అట్ల అడుగు బిడ్డా" అన్నాడు. ఫైలాయన ఉత్తరం తీసుకుని ఫైలులో కుట్టాడు. రసీదు కూడా అడిగి తీసుకున్నాను. అక్కడ ఏ కాగితమిచ్చినా నకలు మీద ముద్ర వేయించుకోండి. వేయనంటే కదలకండి.

వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌కు స్లాటు దొరకడం కష్టమైంది గానీ, దొరికాక పని అయిపోయింది. క్యాంపుకు నీళ్లు, అన్నం, దుప్పటి తీసుకుపోండి. అంతకంటే చెప్పడానికేం లేదు.

తర్వాత అంతా ఎదురుచూపే. ఎప్పుడడిగినా బడ్జెట్ రాలేదన్నారు. సరిగ్గా 2025 అక్టోబర్‌లోనే వైన్ షాపుల దరఖాస్తుల హడావుడి. రాష్ట్రంలో 2,620 షాపులు, ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి రావు. అందులో గౌడ్లకు 15 శాతం రిజర్వేషన్ ఇచ్చామని గొప్పగా చెబుతారు. చెట్టెక్కేవాడి ఇంట్లో పోగొట్టుకోవడానికి 3 లక్షలు ఉంటే వాడు చెట్టెందుకు ఎక్కుతాడు? మా కులం పేరు మీద షాపులు ఎవరి చేతుల్లో నడుస్తున్నాయో ఊళ్లో చిన్న పిల్లలను అడిగినా చెబుతారు. దరఖాస్తుల పైసలు ప్రభుత్వ ఖాతాలో రోజుల్లో పడ్డాయి. నాయిన పైసలకు మాత్రం బడ్జెట్ కావాలి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా (పులవని తాటి రసం) అమ్మే నీరా కేఫ్ తెరిచినప్పుడు టీవీలో చూసి నాయిన ఎంత మురిసిపోయాడో. ఆ గ్లాసులోకి నీరా రావాలన్నా తెల్లారకముందే ఒకడు చెట్టెక్కాలి.

మొత్తానికి వచ్చాయి. ఆసుపత్రి అప్పు, దాని వడ్డీ కట్టాం. మిగిలింది నాయిన పేరు మీద పోస్టాఫీసులో వేశాం. యాభై దాటిన గీత కార్మికులకు ఇచ్చే 2,016 రూపాయల పింఛనుకు కూడా దరఖాస్తు పెట్టాను. దానికీ అదే సదరం కాగితం జత చేయమన్నారు. ఎందుకో అడిగితే చెప్పలేదు, కాబట్టి అది జత చేయకుండానే ఇచ్చి రసీదు తీసుకున్నాను. తమ్ముడు ఐటీఐ అయ్యాక నాయిన చెట్లు తానే గీస్తానంటున్నాడు. అమ్మ ఒప్పుకోవడం లేదు. మొన్న సొసైటీ మీటింగుకు నేనే పోయి, ముందు కిట్టు చేతికివ్వండి, తర్వాతే వాడికి సభ్యత్వం సంగతి మాట్లాడండి అని తీర్మానం పుస్తకంలో రాయించి వచ్చాను.