బూడిద రంగు కుదిరేదాకా

నా మొదటి బ్లాక్ అండ్ వైట్ ప్రింటు ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చగా, పసుపు బల్బు కింద గులాబీగా కనిపించింది. ఫైల్లో మాత్రం రంగన్నదే లేదు. భూతద్దం పెట్టి చూస్తే సంగతి తెలిసింది: బూడిద అనుకున్న చోటల్లా నీలం, గులాబీ, పసుపు చుక్కలు. అది ఆరు ఇంకుల డై ప్రింటరు (రంగు ద్రవంలో కరిగిపోయి ఉండే ఇంకులది), గ్రే ఇంకు లేదు. రంగులు కలిపే బూడిదను వండుతుంది. పాళ్లు కాస్త తప్పితే చాలు, ఛాయ తేలుతుంది. ఒక్క నల్ల ఇంకుతోనే కొట్టి చూశాను. ఛాయ పోయింది గానీ చెంపల మీద, ఆకాశంలో ఇసుక చల్లినట్టు నల్లచుక్కలు.

అందుకే గ్రే ఇంకులున్న పిగ్మెంట్ ప్రింటరుకు (సన్నటి రంగు పొడి కలిసిన ఇంకులది) మారాను. ఎప్సన్ పీ700లో నలుపుకు తోడు గ్రే, లైట్ గ్రే ఉంటాయి. డ్రైవర్లో (కంప్యూటరులో ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేరు) 'అడ్వాన్స్‌డ్ బీ అండ్ డబ్ల్యూ' మోడ్ పెడితే పనంతా దాదాపు వాటిదే, రంగు ఇంకులు చిటికెడు. ఈ మోడ్‌కు ఫోటోషాప్‌లో 'ప్రింటర్ మేనేజెస్ కలర్స్' ఉండాలి. ప్రొఫైల్ (కాగితానికి తగ్గట్టు రంగులు సరిచేసే ఫైలు) కూడా తగిలిస్తే రెండు సవరణలు ఒకదానిమీద ఒకటి పడి టోన్లు చెడతాయి.

డ్రైవర్లో మీడియా టైపు, అంటే కాగితం రకం, తప్పు పెడితే నల్ల ఇంకే మారిపోతుంది: మెరుపు లేని మ్యాట్ కాగితానికి మ్యాట్ బ్లాక్, మెరిసే గ్లాసీకి ఫోటో బ్లాక్ పడాలి. మ్యాట్ కాగితం మీద ఫోటో బ్లాక్ పడితే వెలిసిన బొగ్గులా ఉంటుంది. గ్లాసీ మీద మ్యాట్ బ్లాక్ పడితే వేలికి అంటుకుంటుంది.

కొత్త కాగితం కొన్నప్పుడు ముందు ఫోటో కొట్టను. నలుపు 0 నుంచి 100 శాతం దాకా అయిదేసి చొప్పున 21 గళ్ల పట్టీ 4x6 షీటు మీద కొడతాను. 90, 95, 100 గళ్లు ఒకే ముద్దగా కలిసిపోయాయంటే నీడల్లో వివరం పోయినట్టే. మ్యాట్ మీద ఇది మామూలే. ఫోటోషాప్ కర్వ్స్‌లో (వెలుగునీడలు సర్దే గీత) నీడల కొసను కొద్దిగా ఎత్తి, మళ్లీ పట్టీ కొట్టి, గళ్లు విడివిడిగా కనబడ్డాక ఆ కర్వ్‌ను కాగితం పేరుతో దాచుకుంటాను. 5 శాతం గడి ఉత్త కాగితంలో కలిసిపోతే తెల్లకొస కూడా సర్దాలి.

పట్టీ బాగుండి ఫోటో మాత్రం చీకటిగా వస్తే తప్పు మానిటరుది. చాలామంది వెలుగు నిండుగా పెట్టుకుంటారు, నేనూ అంతే. చదరపు మీటరుకు 80–100 క్యాండెలా (తెర వెలుగు కొలత) మధ్యకు దించాక గొడవ తగ్గింది. వెలుగు కొలిచే మీటరు లేకపోతే తెరమీద తెల్ల పేజీ తెరిచి, పక్కన కాగితం పట్టుకుని, రెండూ సమానంగా కనిపించేదాకా తగ్గించాలి.

ప్రింటు రాగానే తీర్పు చెప్పను. మర్నాడు కిటికీ వెలుగులో చూస్తాను. ఆరకముందే ఫ్రేములో పెడితే అద్దానికి లోపల పొగలాంటి మసక పడుతుంది.

ప్రతి బైఠక్‌కూ ముందు నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలు మూసుకుపోలేదని చూసే పరీక్ష గీతలు) తప్పనిసరి. లైట్ గ్రేలో ఒక గీత తెగినా ముదురు చోట్ల కనబడదు, ఆకాశంలో సన్నటి చారలై బయటపడుతుంది. రెండుసార్లు క్లీనింగ్ చేసినా రాకపోతే వరసగా కొట్టించి ఇంకు తగలేయకుండా కొన్ని గంటలు ఆగుతాను. వారానికో ప్రింటు తీస్తుంటే ఆ అవసరం చాలావరకు రాదు.