పట్టుచీరలో నీళ్ళబిందె

సియాటిల్‌లో అక్టోబరులో పట్టుకున్న ముసురు ఒక పట్టాన వదలదు. కిటికీ అవతల చినుకులు పడుతుంటే, ఇవతల నేను "కొళాయి కట్టెయ్, నీళ్ళు పోతున్నాయ్" అని అరుస్తుంటాను. మా పెద్దాడు ఒకసారి కిటికీ వైపు, ఒకసారి నా వైపు చూస్తాడు. పైకి ఏమీ అనడు. మా ఆయనది కృష్ణా జిల్లా. కాలవ గట్టు మీద పుట్టిన మనిషి, ఆయనకు నా గోల అర్థం కాదు. "చిత్తూరోళ్ళకి కొళాయి కారితే గుండె కారినట్టే" అని నవ్వేస్తాడు.

మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడే చేదబావులు ఎండిపోయాయి. ఆ తర్వాత బోర్లు వేశారు, బోర్లు వట్టిపోయాక ట్యాంకరు తోలారు. ట్యాంకరొచ్చిన రోజు బడికి ఆలస్యంగా పోయినా మా అయ్యవారు ఏమీ అనేవారు కాదు. ఆయనింటి బిందె కూడా మా బిందెల వరసలోనే ఉండేది మరి. ఇవన్నీ పిల్లలకు అన్నాల దగ్గర చెప్పేదాన్ని. ఊరి గురించి ఇంకేమీ చెప్పకుండా ఇదొక్కటే చెబుతున్నానని అప్పట్లో తోచలేదు.

పోయిన మార్చిలో మా చిన్నది, తొమ్మిదేళ్ళది, బడి నుంచి రెండు కథలు మోసుకొచ్చింది. మార్చి 22 ప్రపంచ జల దినం. 1993 నుంచి జరుపుతున్నారు. దానికోసం బడిలో పిల్లలందరూ తలా ఒక గ్యాలన్ నీళ్ళ డబ్బా పట్టుకుని నడవాలట, నడిచినందుకు తెలిసినవాళ్ళ దగ్గర విరాళాలు పోగెయ్యాలట.

మొదటి కథ మా సియాటిల్ పక్కనే జరిగింది. 2011లో ఒక తొమ్మిదేళ్ళ పాప పుట్టినరోజుకు బహుమతులు వద్దంది, బదులుగా శుభ్రమైన నీళ్ళ కోసం 300 డాలర్లు పోగు చేద్దామనుకుంది. 220 వచ్చాయి. కొన్ని వారాలకే రోడ్డు ప్రమాదంలో ఆ పాప పోయింది. ఆమె పేరు మీదున్న విరాళాల పేజీని మళ్ళీ తెరిస్తే ఎక్కడెక్కడివాళ్ళో ఇచ్చారు, మొత్తం 12 లక్షల డాలర్లు దాటింది. ఆ డబ్బు అందుకున్న చారిటీ వాటర్ అనే సంస్థ పుట్టిందే 2006లో, దాన్ని పెట్టిన ఆయన పుట్టినరోజు విందులో. ఎన్నో పుట్టినరోజయితే అన్ని డాలర్లు అడగమంటారు వాళ్ళు.

ఇదంతా మా చిన్నది దీపం ఆర్పేశాక, పక్కలో పడుకుని చెప్పింది. "ఆ పాపకీ నా వయసేనమ్మా" అంది. నా నోటికొచ్చిందల్లా "రాత్రిపూట అలాంటి మాటలు మాట్లాడకూడదు, పడుకో" అన్న మాటే. మా అమ్మయితే దిష్టి కూడా తీసేది. చావు మాట పిల్లల ముందు ఎత్తని ఇంట్లో పెరిగాను నేను. వీళ్ళ బళ్ళో టీచరు క్లాసందరి ముందూ చెప్పి, అందరూ ఏడ్చి, తర్వాత ఏం చేద్దామని ఆలోచించారట. ఏది మంచిదో నాకు ఇప్పటికీ తెలీదు.

రెండో కథ కెనడాది. 1998లో ఒకటో క్లాసు చదివే రయాన్ అనే ఆరేళ్ళ పిల్లాడు ఇంట్లో పనులు చేసి 70 డాలర్లు కూడబెట్టాడు, ఆ డబ్బుతో బావి తవ్వించొచ్చని. తీరా తీసుకుపోతే, వాటికి చేతిపంపు మాత్రమే వస్తుంది, తవ్వడానికి 2000 కావాలన్నారు. అయితే ఇంకా పని చేస్తానన్నాడు. మరుసటేడు ఉగాండాలో ఒక బడి దగ్గర బావి పడింది.

ఇది మా దానికి బాగా నచ్చింది. శనివారం పొద్దున లేచేసరికి ఫ్రిజ్ మీద కాగితం వేలాడుతోంది: వాక్యూమ్ 2 డాలర్లు, గిన్నెలు 1 డాలరు, అన్నని లేపడం 3 డాలర్లు. చివరిదానికి ధర ఎక్కువెందుకో మా ఇంటికొచ్చినవాళ్ళకు తెలుసు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంట్లో పనికి డబ్బులేంటి? నేను బిందెకింతని మా అమ్మ దగ్గర లెక్కగట్టి ఉంటేనా! మా ఆయన మధ్యలో పడి, "అది దాని కోసం అడగట్లేదు కదా" అన్నాడు. ఒప్పుకున్నాను గానీ మనసుకు ఎక్కలేదు.

అసలు గొడవ పోస్టర్ దగ్గర వచ్చింది. నెర్రెలిచ్చిన నేల, దాని మీద చిరిగిన గౌనులో ఒక పిల్ల, చేతిలో కుండ. కింద ఇంగ్లీషులో "మా అమ్మ ఊరు". ఆ బొమ్మ నెట్‌లోంచి తీసింది. మా ఊరు కాదు, బహుశా మన దేశమే కాదు.

"ఇది మా ఊరు కాదు" అన్నాను.

"నువ్వు చెప్పింది ఇదే కదమ్మా. నీళ్ళు లేవు, దుమ్ము, లైను."

"మా ఊళ్ళో మామిడి తోటలున్నాయి, గంగజాతర ఉంది, మీ తాత చదువు చెప్పిన బడి ఉంది..."

"అవన్నీ పెడితే డబ్బులెవరిస్తారు?"

తొమ్మిదేళ్ళ పిల్ల అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. జాలి పుడితేనే జేబులోంచి డబ్బు బయటికొస్తుందని విరాళాలు అడిగే పెద్దవాళ్ళకు తెలుసు, దానికీ తెలిసిపోయింది. నాకు రోషం వచ్చింది దాని మీద కాదు. ఆ బొమ్మ రోజూ అన్నంతో పాటు దానికి పెట్టింది నేనే.

వీడియో కాల్‌లో మా చిన్నది మా అమ్మకు ఆ పోస్టర్ చూపించింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఎవురు పాపా ఈ బిడ్డ, పాపం! అన్నం తిన్నిందా?" అంది. తన ఊరేనని చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చేత్తో పట్టుకోని నడిస్తే చెయ్యి పీకతాది. నెత్తిన పెట్టుకోవల్ల. తువ్వాలు తే" అంది.

అట్లా మొదలైంది చుట్టకుదురు పాఠం. ఫోన్ పంచదార డబ్బాకు ఆనించి పెట్టాం. అవతల అమ్మ పాత చీరముక్క తీసుకుని పొడుగ్గా మడిచి, తాడులా మెలిపెట్టి, అరచేతికి రెండు చుట్లు చుట్టి, కొసను లోపలికి దోపింది. ఇవతల మా చిన్నది స్నానాల తువ్వాలుతో అదే చేసింది. అది దుడ్డుగా తయారై, తల మీద పెడితే తలపాగాలా జారింది. "మందం గుడ్డ పనికిరాదు. మెత్తటి నూలు తే. మీ అమ్మ చున్నీ చించు" అంది అమ్మ. నా చున్నీ చినిగింది. నాలుగోసారికి కుదురు నిలబడింది. దాని మీద గ్యాలన్ పాల డబ్బా, అంటే నాలుగు కేజీలకు కాస్త తక్కువ బరువు. దాంతో మా చిన్నది వంటింట్లో ఏడడుగులు నడిచింది.

నడుస్తుంటే అమ్మ తిరుమలనంబి కథ చెప్పింది. ఆయన కొండ మీద స్వామి అభిషేకానికి రోజూ పాపవినాశనం నుంచి కుండతో నీళ్ళు మోసేవాడు. ముసలితనంలో ఒకనాడు స్వామే బోయవాడై వచ్చి, "తాతా, దాహం" అన్నాడు. ఇవి స్వామివి, ఇవ్వనన్నాడు తాత. వెనకనుంచి కుండకు చిల్లుపెట్టి తాగేశాడు బోయవాడు. తాత ఏడిస్తే బాణం వేసి దగ్గర్లోనే ఆకాశగంగను చూపించాడు. దాని గుర్తుగా తిరుమలలో ఇప్పటికీ తన్నీరముదు ఉత్సవం చేస్తారు.

"మరి మీ ఊళ్ళో బాణం ఎందుకు వెయ్యలేదవ్వా?"

"మా ఊళ్ళో వెయ్యి అడుగులు ఏసినా పడలా పాపా."

పోస్టర్‌లోకి అవ్వ ఫోటో కావాలని అడిగింది మా చిన్నది. మర్నాడు వాట్సాప్‌లో వచ్చింది. ఇంటి ముందు తులసికోట పక్కన, నెత్తిన ఇత్తడి బిందె, ఒంటి మీద మా తమ్ముడి పెళ్ళికి కొన్న ఆకుపచ్చ పట్టుచీర. "పట్టుచీరలో నీళ్ళు తెస్తారా?" అని మా అమ్మాయి పడిపడి నవ్వింది. "అమెరికావాళ్ళు చూస్తారంట గదా, నలిగిన చీరతో ఎట్లా నిలబడేది?" అంది అమ్మ. పోస్టర్ మీద ఆ ఫోటోనే వెళ్ళింది. ఆ పోస్టర్ చూసి జాలిపడినవాళ్ళు ఎవరూ లేరు. బిందె ఎక్కడ కొన్నారని మాత్రం ఇద్దరు అడిగారట.

జాలి రాకపోతే డబ్బు ఎలా వస్తుందన్నదానికి మా పెద్దాడు దారి చూపించాడు. మా తెలుగువాళ్ళ ఉగాది సంబరానికి బిందెల పందెం పెడదామన్నాడు. సంక్రాంతికి మన ఊళ్ళలో ఆడవాళ్ళకు పెడతారే, అదే. ఇక్కడ నీళ్ళబిందెతో పార్కింగ్ లాట్ ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. రుసుము 5 డాలర్లు. ఒలికితే ఇంకో 5. ఈ రెండో షరతు వాడి బుర్రలోదే. డబ్బంతా దాంట్లోనే వచ్చింది.

సారెలో తెచ్చుకుని గరాజ్‌లలో పడేసిన స్టీలు బిందెలు పదకొండు దొరికాయి. సన్నగా జల్లు పడుతోంది. ఆఫీసుల్లో పెద్ద పెద్ద టీములను నడిపే మగమహారాజులు బిందె ఎత్తగానే మెడలు బిగుసుకుపోయి, నాలుగడుగులకే కుర్తాలు తడుపుకున్నారు. ఒకాయన 35 డాలర్లు పోగొట్టుకుని గానీ వదల్లేదు. కూతురింటికొచ్చిన అనంతపురం పెద్దావిడ ఒకావిడ ఈ అల్లరి కాసేపు చూసి, స్నీకర్లతోనే లేచి, చంకన బిందె పెట్టుకుని ఆ చివరిదాకా పోయి తిరిగొచ్చింది. చుక్క ఒలకలేదు. మధ్యలో ఎవరితోనో మాట్లాడింది కూడా. 5 డాలర్లు అడిగితే, "నీళ్ళు మోసినందుకు నేనే ఇయ్యాల్నా?" అంది. వసూలు చేసే ధైర్యం మాకు లేకపోయింది.

మొత్తం 1,140 డాలర్లు. కొందరి కంపెనీలు ఉద్యోగి ఎంతిస్తే అంత కలుపుతాయి, ఆ ఫారాలు నింపేసరికి అది ఇంకాస్త పెరిగింది.

ఇక్కడి నుంచి కథలో సరదా తక్కువ. మా చిన్నది ఆ డబ్బు అవ్వకు పంపిద్దామంది. అలా కుదరదు. అమెరికా పౌరులిచ్చే విరాళం, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అది విదేశీ విరాళమే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థకే ఇవ్వాలి. 2020 సవరణ తర్వాత అది ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలో పడాలి. మన అమ్మకు మనం ఖర్చులకు పంపుకునే డబ్బు సంగతి వేరు, ఊరి పేరుతో పదిమంది దగ్గర పోగేసింది వేరు. ఊరి కుర్రాళ్ళ ఖాతాకు వేసేద్దామనే ఉత్సాహవంతులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, జాగ్రత్త.

పైగా మా ఊళ్ళో నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఇదివరకే ఉంది. ఎవరో విదేశాల్లో ఉన్నవాళ్ళే కట్టించారు. మూడేళ్ళు నడిచి ఆగింది. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, నీళ్ళు వడగట్టే మెంబ్రేన్ పూడుకుపోయింది. కొత్తది కొనడానికి ఎవరూ డబ్బు పక్కన పెట్టలేదు. మేము సంస్థల్ని వెతికినప్పుడు అందరినీ ఒకటే అడిగాం: కట్టాక మూడో ఏడు సంగతేమిటి? చాలామంది ప్రారంభోత్సవం ఫోటోలు పంపారు. ఒక్కరు మాత్రం క్యానుకింతని ఊరివాళ్ళ దగ్గరే తీసుకుని, అందులోంచి కరెంటు బిల్లు, మరమ్మతులు ఎలా గడుస్తాయో లెక్క పంపారు. డబ్బు వాళ్ళకిచ్చాం. అది మా ఊరికి రాలేదు, వేరే మండలానికి పోయింది. దీనికి మా చిన్నది రెండ్రోజులు అలిగింది.

జూన్ చివర్లో ఊరికెళ్ళాం. మృగశిర కార్తె దాటినా ఎండలు తగ్గక చలివేంద్రం ఇంకా తియ్యలేదు. బస్టాపు దగ్గర కొబ్బరాకుల పందిరి, ఇసుక పరిచి దాని మీద పన్నెండు మట్టికుండలు, చుట్టూ తడిగోనెలు, లోపల వట్టివేళ్ళు. మా చిన్నది అక్కడే మకాం పెట్టింది. మూడో రోజు అట్టపెట్టెకు చిల్లుపెట్టి, రంగులేసి, అవ్వకు తెచ్చి చూపించింది: విరాళాల డబ్బా.

"నీళ్ళకాడ డబ్బా పెడతారా ఎవురైనా?" అని అమ్మ దాన్ని అటక మీదికి ఎక్కించేసింది.

న్యూయార్క్ హోటళ్ళలో 2007లో కొళాయి నీళ్ళ గ్లాసుకు డాలరు అడిగి యునిసెఫ్ వాళ్ళు పిల్లల నీళ్ళ కోసం పోగు చేశారని నేను చెప్పాను. అమ్మ చెవికి ఎక్కలేదు.

"మరి కుండలు ఎవరిచ్చారవ్వా?"

కుమ్మరాయన సగం ధరకే ఇచ్చాడు. కొబ్బరాకులు ఒకరి తోటవి. మజ్జిగకు ఎనిమిదిళ్ళు, రోజుకొకరు. మంచినీళ్ళ క్యాన్లకు చీటీల డబ్బుల్లోంచి కొంత. ఉప్పు, కరివేపాకు అమ్మవి. ఫ్లెక్సీ మీద బొమ్మ మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వని నాయకుడిది.

"ఇది ఫండ్‌రైజింగే కదవ్వా!"

"కాదు" అంది అమ్మ, చాలా గట్టిగా.

మా నాన్న తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. ఆయన మనవరాలి పక్షం. తిరుమల గుడి శాసనాలు ఉన్నాయిగా అన్నారు. విజయనగర రాజుల కాలంలో నైవేద్యానికని భక్తులిచ్చిన డబ్బును గుడివాళ్ళు గుడి గ్రామాల్లో చెరువులు, కాలవలు తవ్వడానికి పెట్టేవాళ్ళు. నీళ్ళొచ్చి పెరిగిన పంటలోంచి ఆ నైవేద్యం నడిచేది. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటని కూడా చెప్పారు. కొడుకు, చెరువు, గుడి, తోట, అన్నీ బిడ్డల లెక్కేనట. "కూతురు లేదా?" అంది మా చిన్నది. నాన్న కళ్ళజోడు తుడుచుకున్నారు.

తిరిగొచ్చాక ఆగస్టులో అమ్మ ఫోన్ చేసి మాటల్లో చెప్పింది, పందిరి తీసేటప్పుడు రెండు కుండలు పగిలాయని. తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) శనివారాలకు కొండకు నడిచిపోయేవాళ్ళు మా దారినే వస్తారు, అప్పటికి కావాలి. మా చిన్నది గదిలోకెళ్ళి వాక్యూమ్ డబ్బులు, 6 డాలర్లు, తెచ్చి నా చేతిలో పెట్టింది. కుండ ఎంతో అడగమంది.

నాలుగు వారాలుగా అడుగుతున్నాను. అమ్మ ధర చెప్పడం లేదు.