విజిటింగ్ కార్డు మీద అక్షరాలు వేసేది నేనే

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర మాది డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, విజిటింగ్ కార్డులు వేస్తాం. ఈ మధ్య కార్డుల పనిలో ఎక్కువ భాగం రియల్ ఎస్టేట్ వాళ్లది, తర్వాత డబ్బు సలహాలు చెప్పేవాళ్లది. ఫైనాన్షియల్ అడ్వైజర్, వెల్త్ మేనేజర్, ఇన్వెస్ట్‌మెంట్ కన్సల్టెంట్... ఒకాయనైతే వెల్త్ కోచ్. పేరు కింద ఏం వేయాలో చీటీ మీద రాసిస్తారు. నేను టైపు చేస్తా, ప్రూఫ్ చూపిస్తా, సరే అంటే ప్రింటుకు పంపిస్తా. ఆ అక్షరాలకు సర్టిఫికెట్ చూపించు అని అడిగే పద్ధతి మా పనిలో లేదు. అందుకే ఎవరైనా కార్డు చూసి నమ్మి డబ్బు పెట్టినారని వింటే నాకు గుండె జారుతుంది.

ఇంకో సంగతి. పొట్టి అక్షరాలు కనబడితే పూర్తి పేరేందో వెతకందే నాకు తోచదు. ప్రూఫ్ దిద్ది దిద్ది వచ్చిన పిచ్చి. దాంతోనే ఈ సంగతులు తెలిసినాయి.

ఇన్సూరెన్స్ ఏజెంట్లు నాకు పాత గిరాకీ. వాళ్లలో కొందరు ‘ఎండీఆర్‌టీ’ అని పేరుకన్నా లావుగా వేయమంటారు. కార్డు తీసుకున్నోళ్లు అదేదో ఫారిన్ డిగ్రీ అనుకుంటారు. మిలియన్ డాలర్ రౌండ్ టేబుల్ అని 1927లో అమెరికాలో మొదలైన సంఘం అది. ఏడాదిలో ఇంత ప్రీమియమో, ఇంత కమిషనో తెచ్చినవాళ్లకు సభ్యత్వం ఇస్తారు. ఎల్ఐసీలో చైర్మన్స్ క్లబ్బు, జోనల్ మేనేజర్స్ క్లబ్బు కూడా బిజినెస్‌ను బట్టి వచ్చేవే. ఎండల్లో ఊళ్లు తిరిగి తెచ్చుకున్నవే, కాదనను. కానీ ఎంత అమ్మినాడో తెలిసినంత మాత్రాన మన ఇంటికి ఏ పాలసీ కావాలో ఆయనకు తెలుసని ఎట్లా అనుకుంటాం? ఆ లావు అక్షరాలు చూసినప్పుడల్లా ఆ ఏడాది ఆయనకు టార్గెట్ ఎంతుందో అనిపిస్తుంది నాకు.

మొన్న కల్లూరు నుంచి ఒక పిల్లోడు వచ్చినాడు. మంచోడే. ఫైలు పట్టుకొచ్చినాడు.

“పేరు పక్కన సీఎఫ్‌పీ అని వెయ్యన్నా.”

“సీఎఫ్‌పీ పాసైనావా?”

“పరీక్ష రాసినా కదన్నా. నూటికి అరవై రెండు.”

ఫైల్లోంచి కాగితం తీయించి చూస్తే ఎన్‌ఐఎస్‌ఎం, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్ సర్టిఫికెట్. సిరీస్ ఫైవ్-ఏ, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్స్. వంద ప్రశ్నలు, రెండు గంటలు, యాభై శాతం వస్తే పాస్, తప్పు రాసినా మార్కు కోయరు. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఇది పాసయ్యి మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ దగ్గర ఏఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుంటే మ్యూచువల్ ఫండ్లు అమ్మొచ్చు. సీఎఫ్‌పీ అంటే సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్, దాని దారి వేరే. ఇంటి బడ్జెట్, అప్పులు, ఇన్సూరెన్స్, పన్ను, రిటైర్మెంటు అన్నీ కలిపి చదివించి, పరీక్ష పెట్టి, అనుభవం కూడా చూసి ఇచ్చే గుర్తు. పిల్లోడు మోసం చేయాలని రాలేదు, సర్టిఫికెట్ ఉంది కాబట్టి సర్టిఫైడ్ అనుకున్నాడు. ‘ఆంఫీ రిజిస్టర్డ్ మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్’ అని వేసి ప్రూఫ్ చూపిస్తే మొహం చిన్నబోయింది.

“డిస్ట్రిబ్యూటర్ అంటే పాల ప్యాకెట్లు వేసేటోడు అనుకుంటారన్నా.”

“అడ్వైజర్ అని వేసుకుంటే సెబీ ఊరుకోదు నాయనా,” అన్నా. నిజమే. సెబీ అంటే షేర్లు, ఫండ్ల మార్కెట్‌ను అదుపులో పెట్టే కేంద్ర సంస్థ. 2020లో మార్చిన రూల్సు ప్రకారం ఫండ్లు అమ్మేవాళ్లు సెబీ దగ్గర అడ్వైజరుగా రిజిస్టర్ కాకుండా ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్ అనో, వెల్త్ అడ్వైజర్ అనో పెట్టుకోకూడదు. మన ఊళ్లో ఎన్ని బోర్డులు దించాల్సొస్తుందో మీరే లెక్కేసుకోండి.

మిగిలిన అక్షరాల సంగతీ చెప్తా. సీఏ చదువు గట్టిది, ఆడిట్, పన్ను, లెక్కలు వాళ్ల సొత్తు. తన క్లయింటుకు ఆ పనిలో భాగంగా పెట్టుబడి మాట చెప్పడానికి సీఏకు సెబీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అంతవరకు మినహాయింపు ఉంది. సీఎఫ్‌ఏ అంటే చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్, మూడు లెవెళ్లు, కంపెనీల విలువ కట్టడం, షేర్లు, బాండ్లు విడమర్చి చూడడం అందులో నేర్పుతారు. అది పూర్తి చేసినాయన తెలివైనోడే అయ్యుంటాడు. అయినా మీ కూతురి పెళ్లికీ, పొలం అప్పుకీ మధ్య డబ్బు ఎట్లా సర్దాలో ఆ పుస్తకాల్లో ఉండదు. ఎంబీఏ ఫైనాన్స్ గురించి నేనేమీ అనను, మా ఇంట్లోనే ఒకాయన ఉన్నాడు.

ఇవన్నీ చదువులు. ఫీజు తీసుకుని పెట్టుబడి సలహా ఇవ్వాలంటే చదువుతో పాటు అనుమతి కూడా కావాలి. 2013 నుంచి సెబీకి దీనికని రూల్సు ఉన్నాయి. రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కు ఐఎన్‌ఏతో మొదలయ్యే నంబరిస్తారు, వెనక తొమ్మిది అంకెలుంటాయి. ఐఎన్‌హెచ్ అని ఉంటే రీసెర్చ్ అనలిస్టు. ఫలానా షేరు కొనొచ్చు, అమ్మొచ్చు అని అందరికీ కలిపి చెప్పేటోడు ఆయన, మీ ఇంటి పరిస్థితి చూసి చెప్పే పని ఆయనది కాదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఈ రెండూ కలిపేస్తుంటారు. ఇంకో మాట, 2024 చివర్లో అడ్వైజర్ల అర్హతలు తగ్గించినారు. పీజీ అడిగే చోట సంబంధిత డిగ్రీ చాలన్నారు, అనుభవం అక్కర్లేదన్నారు. కాబట్టి ఐఎన్‌ఏ ఉంటే పండితుడని కాదు. తేడా వస్తే మనం ఫిర్యాదు పెట్టడానికి ఒక తలుపుంది, ఆయన మెడ మీద ఒక కత్తుంది, అంతవరకే.

మా మేనమామ పత్తికొండ దగ్గర హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాడు. గ్రాట్యుటీ, జీపీఎఫ్ డబ్బు చేతికొచ్చిన నెలలోనే స్టేడియంలో వాకింగ్ దగ్గర ఒకాయన పరిచయమై కార్డిచ్చినాడు. అది తెచ్చి నా కౌంటర్ మీద పెట్టి, “చూడ్రా, అన్ని రిజిస్ట్రేషన్లూ ఉండాయి,” అన్నాడు మామ.

నిజంగానే కార్డు నిండా ఉన్నాయి. జీఎస్టీ నంబరు, ఉద్యం నంబరు, ఐఎస్ఓ 9001 ముద్ర, కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన సంఖ్య. జీఎస్టీ పన్ను కట్టడానికి. ఉద్యం అంటే ఆధార్, పాన్ పెట్టి ఆన్‌లైన్లో మనమే నింపుకునే చిన్న పరిశ్రమల నమోదు, రూపాయి ఫీజు లేదు. ఐఎస్ఓ ఆఫీసు పనుల పద్ధతి గురించి. కంపెనీ నంబరు ఎవరు పెట్టినా వస్తుంది.

“మామా, నా షాపుకూ ఉద్యం ఉంది, జీఎస్టీ ఉంది. నీ డబ్బు నాకియ్యి మరి.”

“నువ్వు నెలకు రెండు శాతం ఇస్తావా?”

అదీ అసలు సంగతి. నెలకు రెండంటే ఏడాదికి ఇరవై నాలుగు. సెబీ దగ్గర రిజిస్టరైనవాడెవడూ ఇంత ఖాయంగా వస్తుందని మాటివ్వకూడదు. ఫోన్ చేసి ఐఎన్‌ఏ నంబరు అడగమన్నా. స్పీకర్ పెట్టి అడిగినాడు మామ. “అప్లై చేసినాం సార్, ప్రాసెస్‌లో ఉండాది,” అన్నాడు అవతల. ఇప్పుడు మామ డబ్బులో పెద్ద భాగం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో ఉంది. వడ్డీ తక్కువని నన్ను ఇప్పటికీ తిడతాడు.

నంబరున్నంత మాత్రాన కూడా అయిపోదు. అది కూడా నేను టైపు చేసేదే కదా. వేరే వాళ్ల ఐఎన్‌ఏ, ఐఎన్‌హెచ్ నంబర్లు తమవని వేసుకునే దొంగలున్నారు. సెబీ వెబ్‌సైట్లో ఇంటర్మీడియరీల జాబితా ఉంటుంది, అందులో నంబరు కొడితే పేరు, అడ్రసు, ఫోను, ఈమెయిలు వస్తాయి. కార్డు మీద ఫోనుకు కాకుండా ఆ జాబితాలో ఉన్న ఫోనుకు చేసి చూడాలి. ఏఆర్‌ఎన్ అయితే ఆంఫీ సైట్లో వెతకొచ్చు, గడువు తీరిందో లేదో కూడా కనబడుతుంది.

ఇక జీతం ఎవరిస్తున్నారనేది. డిస్ట్రిబ్యూటరుకు మనం చేతినుంచి ఏమీ ఇవ్వం, ఫండ్ కంపెనీ ఇస్తుంది. అది మన డబ్బులోంచే పోతుంది, కనబడదు. 2013 జనవరి నుంచి డైరెక్ట్ ప్లాన్ అని ఉంది, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ లేకుండా కొనుక్కునేది, అందులో ఆ కమిషన్ ఉండదు. రెండిటి ఖర్చుకూ తేడా ఒక శాతం అనుకుంటే పది లక్షలకు ఏడాదికి పదివేలు, డబ్బు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. పోనీ దండగా అంటే, అట్లా అనలేను. కేవైసీ ఆగిపోయినప్పుడు, ఇంటాయన పోయి నామినీ పేరుకు మార్చాల్సొచ్చినప్పుడు ఆ పిల్లోడి లాంటోడు బండేసుకుని ఇంటికొస్తాడు, ఫారాలు నింపుతాడు. ఆ పనికి పదివేలు తగునో కాదో తెలిసి ఇస్తే చాలు. సెబీ అడ్వైజరైతే ఫీజు మన దగ్గరే తీసుకుంటాడు, అగ్రిమెంటు రాసుకుంటాడు, ఫీజిచ్చిన ఆ మనిషికే ఫండ్లు అమ్మి కమిషన్ కూడా తినకూడదు. బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజరన్నది ఉద్యోగం పేరు. ఎఫ్‌డీ రెన్యువల్‌కు పోతే పాలసీ ఫారం ముందు పెడతారు చూడండి, అక్కడ టార్గెట్లు ఎట్లుంటాయో దాంట్లోనే తెలిసిపోతుంది.

పోయిన వారం ఒకాయన వచ్చి పేరు కింద ‘సెబీ రిజిస్టర్డ్’ అని వేయమన్నాడు. “నంబరు చెప్పండి సార్, కిందనే వేస్తా,” అన్నా. నంబరు అక్కర్లేదు, అక్షరాలు చాలన్నాడు. నంబరు లేకుంటే ఆ మాట వేయనన్నా. చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయినాడు. పక్క వీధిలో వేయించుకున్నాడంట, ఎవరో తెచ్చి చూపించినారు. మ్యాట్ ఫినిషింగు, చుట్టూ బంగారు అంచు. పని మాత్రం బాగుంది.