అమీర్‌పేట పప్పన్నానికి సముద్రం అవతల రేటు

అమీర్‌పేటలో హాస్టల్ పిల్లలకి మెస్ నడుపుతున్నాను. కోచింగ్ కోసం వచ్చినవాళ్ళు, చిన్న జీతాల ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు తింటారు. నెల రేటు పెంచినప్పుడల్లా వాళ్ళ ప్రశ్న ఒకటే: "వానలు బాగానే పడ్డాయి కదా ఆంటీ, మళ్ళీ ఎందుకు పెరిగింది?" న్యాయమైన ప్రశ్నే. నోటితో చెబితే సగమే చెప్పగలుగుతున్నాను, అందుకే రాస్తున్నాను.

ముందు నూనె సంగతి. 2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. అప్పటిదాకా మనం వాడే సన్‌ఫ్లవర్ నూనెలో చాలా భాగం యుక్రెయిన్ నుంచే వచ్చేది. అక్కడి రేవులు మూతపడ్డాయి. నేను టిన్నులు తీసుకునే బేగంబజార్ సేటు వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "అమ్మా, కావాలంటే ఇవాళే తీసుకో. రేపటి రేటు నా చేతుల్లో లేదు" అన్నాడు. ఆయన గోడౌన్‌లో ఉన్నవి యుద్ధానికి ముందు వచ్చిన టిన్నులే. అయినా రేటు మారింది. అవి అమ్మేశాక ఆయన మళ్ళీ సరుకు నింపుకోవాల్సింది కొత్త రేటుకి కదా! చాలామంది దీన్ని దోపిడీ అంటారు, నేను అనను. కానీ రేటు తగ్గేటప్పుడు మాత్రం "పాత సరుకు ఇంకా ఉందమ్మా" అని నెలలు గడుపుతారే, అది మాత్రం నాకు మింగుడుపడదు.

పామాయిల్‌కి మారదామనుకున్నాం. ప్రపంచమంతా అదే అనుకుంది, దాంతో అదీ కొండెక్కింది. పామాయిల్ అందరికంటే ఎక్కువ తీసే ఇండోనేషియాలో సొంత జనానికే వంటనూనె అందుబాటులో లేకుండా పోయింది. ఏప్రిల్ 28 నుంచి వాళ్ళు ఎగుమతులు ఆపేశారు, మే 23న మళ్ళీ వదిలారు. ఆ రోజుల్లో మా దగ్గర పూరీ మానేసి ఉప్మాతో సరిపెట్టాం. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. మన చేనులో వాన పడినా పడకపోయినా ఆ సగం మన చేతుల్లో లేదు.

బియ్యం దిగుమతి కాదు కదా అంటారు పిల్లలు. నిజమే, కానీ బియ్యంతో ఇంకో చిక్కుంది. ప్రపంచంలో పండే బియ్యంలో దేశం దాటి అమ్ముడయ్యేది సుమారు పదో వంతే. మిగతాది పండిన దేశంలోనే తినేస్తారు. ఆ పదో వంతులో ఏ పెద్ద దేశం తలుపు వేసినా కొనేవాళ్ళకి గుండె జారిపోతుంది. 2008లో అదే జరిగింది. పంట ఘోరంగా పోయిందా అంటే, లేదు. మనం ఎగుమతులు ఆపాం, వియత్నాం ఆపింది, ఫిలిప్పీన్స్ భయపడి ఎంత రేటుకైనా కొనడానికి దిగింది. ఏడాది మొదట్లో టన్ను 400 డాలర్ల లోపున్న థాయ్ బియ్యం కొద్ది నెలల్లోనే 1000 డాలర్ల దాకా వెళ్ళింది. తిండి ధరల మీద హైతీలో జనం వీధుల్లోకొచ్చి ఏకంగా ప్రధాన మంత్రి పదవే పోయింది. ఆకలి కంటే ముందు భయం పెంచిన రేటు అది.

2023 జులై 20న మనం మళ్ళీ బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశాం. డల్లాస్ నుంచి మా ఆడపడుచు టెన్షన్‌గా ఫోన్ చేసింది. "వదినా, స్టోర్‌లో మనిషికి ఒక్క బస్తానే ఇస్తున్నారు, సోనా మసూరి అయిపోయింది" అని. ఆమెకి అది నాలుగు రోజుల ఇబ్బంది. నాకు బాధేసింది సెనెగల్ లాంటి దేశాల గురించి. అక్కడి ఇళ్ళల్లో రోజూ వండేది నూకలు, వాటి ఎగుమతిని 2022 సెప్టెంబర్‌లోనే ఆపాం. ప్రపంచంలో అమ్ముడయ్యే బియ్యంలో 40 శాతం దాకా మనదే కదా, మన తలుపు మూస్తే వాళ్ళెక్కడికి పోతారు?

పోనీ ఇక్కడైనా తగ్గిందా? నేను కొనే పాత సన్న బియ్యం రేటు తగ్గలేదు. ఆ ఏడాది ఎల్ నినో వచ్చింది, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని దెబ్బతీసే పరిస్థితి. ఆగస్టు మొత్తం ఎండే. కృష్ణాకి పైనుంచి వరద సరిగా రాక సాగర్ నిండలేదు. సాగర్ ఎడమ కాలువ కింద పండే సన్న వడ్లు మిర్యాలగూడ మిల్లుల్లో ఆడితేనే మాకు బస్తాలొస్తాయి. నిషేధం 2024 సెప్టెంబర్ 28 దాకా సాగింది. పండించిన రైతుకి బయటి రేటు అందలేదు, తినే మాకూ పెద్దగా ఒరిగింది లేదు.

ఇక కందిపప్పు. తాండూరు పప్పు దొరికితే నేను ఇంకోటి చూడను. తొందరగా ఉడుకుతుంది, పోపు పెట్టకముందే కమ్మగా ఉంటుంది. కానీ కంది చాలావరకు వానాధారం, చేతికి రావడానికి ఐదారు నెలలు. అదే చేలో పత్తి వేస్తే బాగుంటుందని రైతు అనుకుంటే తప్పు పట్టలేం. తక్కువపడ్డ కందులు మయన్మార్ నుంచీ, మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచీ వస్తాయి. 2023 చివర్లో మనకి రావాల్సిన కందులు మొజాంబిక్‌లో నకాలా రేవు దగ్గర కోర్టు గొడవల్లో ఇరుక్కున్నాయి. అక్కడ ఓడ కదలకపోతే ఇక్కడ నా సాంబారు పల్చబడాలి. పల్చబడనివ్వలేదు, పెరుగు కప్పు చిన్నది చేశాను.

మా మెస్సులో గిన్నెలు తోమే అక్కకి రేషన్ కార్డుంది. 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తున్నాయి, ఇంట్లో పిల్లలు తృప్తిగా తింటున్నారని చెబుతుంది. బియ్యం రేటు ఎటు పోయినా ఆమె కుటుంబానికి దెబ్బ తగలదు. కానీ పప్పూ నూనే బజార్లోనే కొనాలి, ఎక్కువగా ఓడల మీద ఆధారపడ్డవీ అవే. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 'అమ్మ హస్తం' పేరుతో 185 రూపాయలకి తొమ్మిది సరుకులిచ్చారు. అందులో కిలో కందిపప్పు, లీటరు పామాయిల్ ఉండేవి. తొమ్మిదీ అక్కర్లేదు, ఆ రెండూ మళ్ళీ రేషన్‌లో పెట్టాలి. తాండూరు రైతు దగ్గర మంచి రేటుకి కందులు కొని, ఏడాదికి సరిపడా నిల్వ చేసి ఇవ్వాలి.