సంతకం పెట్టే ముందు ఆ 14 రోజులు ఆగండి

మా పెద్దనాన్న గారి అబ్బాయి కెనడాలో, అంటారియో ప్రావిన్సులోని బ్రాంప్టన్‌లో ఉంటాడు. 11 ఏళ్లు వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేసి దాచుకున్న డబ్బుతో పోయినేడాది ఒక బిర్యానీ బ్రాండ్ బ్రాంచ్ తీసుకున్నాడు, బ్రాండ్ పేరు చెప్పను. వాళ్ళిచ్చిన కాగితాల్లో ఫ్రాంచైజీ (డబ్బు కట్టి ఇంకొకరి బ్రాండ్ పేరుతో షాపు నడపడం) అనే మాటే లేదు, లైసెన్స్ అగ్రిమెంట్ అని ఉంది, మనవాళ్ళే కదా అని రెండో రోజే సంతకం పెట్టేసి 30 వేల డాలర్లు కట్టేశాడు. తీరా షాపు తెరిచాక మసాలా వాళ్ళ దగ్గరే కొనాలి, చికెన్ వాళ్ళు చెప్పిన చోటే తేవాలి, మెనూలో ఒక్క ఐటెం మార్చాలన్నా వాళ్ళనడగాలి, నెలనెలా అమ్మకాల్లో 6 శాతం ఇవ్వాలి. ఏడు నెలలకే వదిన వాళ్ళ నాన్నగారి దగ్గర అప్పు తెచ్చి అద్దె కట్టే పరిస్థితి వచ్చింది.

"సంతకం పెట్టేశాం కదా నానీ, ఇంకేం చేస్తాం" అంది వదిన. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. నేను లాయర్ని కాదు, అకౌంట్స్ ఉద్యోగం, కానీ వరసగా నాలుగు రాత్రులు కూర్చుని అంటారియో చట్టం చదివాను.

దాని పేరు ఆర్థర్ విషార్ట్ యాక్ట్, 2000లో వచ్చింది. అగ్రిమెంట్‌కి ఏ పేరు పెట్టారన్నది కాదు దానికి ముఖ్యం. మీరు వాళ్ళకి డబ్బు కడుతూ, వాళ్ళ ట్రేడ్‌మార్క్‌తో వ్యాపారం చేస్తూ, షాపు ఎలా నడపాలో వాళ్ళే గట్టిగా కంట్రోల్ చేస్తుంటే, పైన లైసెన్స్ అని రాసినా అది ఫ్రాంచైజీయే అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు సంతకానికి గానీ డబ్బు కట్టడానికి గానీ, ఏది ముందైతే దానికి, కనీసం 14 రోజుల ముందు డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ చేతికివ్వాలి. అందులో వాళ్ళ ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లు, కోర్టు కేసులు, ఇప్పుడు నడుపుతున్నవాళ్ళ వివరాలు, వదిలేసి వెళ్ళినవాళ్ళ వివరాలు కూడా ఉండాలి. నన్నడిగితే వదిలేసినవాళ్ళకి ఫోన్ చేయడమే అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు చెప్పేది ఏ బ్రోషర్‌లోనూ ఉండదు.

అన్నయ్యకి ఆ డాక్యుమెంట్ అసలివ్వనే లేదు. అలా ఇవ్వకపోతే సంతకం పెట్టిన రోజు నుంచి 2 ఏళ్ల లోపు రాతపూర్వకంగా నోటీసిచ్చి మొత్తం అగ్రిమెంట్ రద్దు చేసుకోవచ్చు. ఆలస్యంగా ఇచ్చినా, ఉండాల్సినవి లేకుండా ఇచ్చినా అయితే డాక్యుమెంట్ అందిన దగ్గర్నుంచి 60 రోజులే టైం. రద్దయ్యాక ఫ్రాంచైజర్, అంటే బ్రాండ్ ఇచ్చిన కంపెనీ, 60 రోజుల్లో మనం కట్టిన డబ్బు తిరిగివ్వాలి, అగ్రిమెంట్ ప్రకారం మనం కొన్న సరుకు, సామాను వెనక్కి కొనాలి, అప్పటిదాకా వచ్చిన నష్టం కూడా భరించాలి. ఈ చట్టం ఇచ్చిన హక్కులు వదులుకుంటున్నా అని అగ్రిమెంట్‌లో ముందే రాయించుకున్నా అది చెల్లదు. ఇది చదివినప్పుడు రాత్రి ఒంటిగంట, అప్పుడే అన్నయ్యకి ఫోన్ చేసి లేపాను.

ఒక విషయం మాత్రం జాగ్రత్త. మనవాళ్ళు చాలామంది కొత్త షాపు కాకుండా నడుస్తున్న షాపునే ఇంకొకరి దగ్గర కొంటారు, అలాంటి అమ్మకాల్లో కొన్నింటికి ఈ డిస్‌క్లోజర్ రూల్ వర్తించదు, అందుకే ముందే లాయర్‌కి చూపించండి. 2020 సెప్టెంబర్ 1 నుంచి 14 రోజులు పూర్తి కాకముందే డిపాజిట్ తీసుకోవచ్చు, కానీ అది మొదటి ఫ్రాంచైజ్ ఫీజులో 20 శాతం దాటకూడదు, ఎంత పెద్ద డీల్ అయినా లక్ష డాలర్లు మించకూడదు, మీరు వద్దనుకుంటే మొత్తం తిరిగిచ్చేయాలి.

వేరే ప్రావిన్సుల్లో ఉన్నవాళ్ళకి: అల్బర్టాలో ఇలాంటి చట్టం 1971 నుంచే ఉంది, బ్రిటిష్ కొలంబియాలో 2017 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, సస్కాచెవాన్‌లో 2025 జూన్ 30న. క్యుబెక్‌లో ప్రత్యేకంగా ఫ్రాంచైజీ చట్టం లేదు, అక్కడ అన్ని ఒప్పందాలకీ వర్తించే సివిల్ కోడే దిక్కు. అయినా టిమ్ హార్టన్స్ అనే కాఫీ షాపుల పోటీలో మా బ్రాండ్‌ని కంపెనీ కాపాడలేదని అక్కడ డంకిన్ డోనట్స్ షాపులు నడిపేవాళ్ళు కేసేస్తే 2012లో కోర్టు 1 కోటీ 64 లక్షల డాలర్లు ఇవ్వమంది, 2015లో అప్పీల్ కోర్టు దాన్ని సుమారు 1 కోటీ 9 లక్షలకి తగ్గించింది గానీ తప్పు కంపెనీదేనంది. చిన్న షాపులవాళ్ళు కలిసి నిలబడితే అంత పెద్ద కంపెనీ మీద గెలిచారు!

అన్నయ్య సంతకం పెట్టి 13 నెలలే అయింది కాబట్టి లాయర్ నోటీసు పంపారు. వెళ్ళి ఐదు వారాలైంది. వంటింట్లో క్యాలెండర్ మీద వదిన రోజుకో గీత కొడుతోంది, 60 అయ్యేదాకా.